రాగి ఎవరితో ఉంది

ఫాల్ నది కడలిలో కలిసే చోట
అక్టోబరు పొద్దున, పోటు తిరిగే వేళ,
డెంజిల్ పాస్కో తెరచాప దించి అడిగాడు:
"నీళ్లలో రాగి ఉందా లేదా? ఒక్క ముక్కలో చెప్పు, మొర్వెన్నా."

ఒక్క ముక్కలో తేలేదైతే
నాకీ ఉద్యోగం ఎందుకు?
లీటరుకు పన్నెండు మైక్రోగ్రాములు, అన్నాను.
"ఎక్కువా, తక్కువా?"
ఎవరితో ఉందన్నదాన్ని బట్టి, అన్నాను.
ధర చెప్పకుండా సంచీ కట్టేసిన కొట్టువాణ్ణి చూసినట్టు
చూశాడు నన్ను.

అతని ఆల్చిప్పల బుట్ట మా ఇద్దరి మధ్య
నీళ్లు కారుస్తూ కూర్చుంది.

గని మూతపడి ముప్పయ్యేళ్లు.
కొండ కడుపులోంచి వాగు మాత్రం
ఇంకా తుప్పు కక్కుకుంటూ దిగుతోంది.
వాన పడితే ఎగువ బాడవల్లోంచి
చివికిన నాచు రసం, డికాక్షన్ రంగులో,
దానికి తోడొస్తుంది.
మురికని టూరిస్టులు ముఖం తిప్పుకునే ఆ నీరే
రాగిని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంటుంది.
పట్టుకునేవాళ్లు దొరకని రాగి ఒకటుంటుంది.
రెండు చేతులూ ఖాళీ.
ఎదురైన మొప్పనల్లా
అదే వాటేసుకుంటుంది, వదలదు.

సీసాల్ని వారం రోజులు ఆమ్లంలో నానబెట్టి కడుగుతాం.
నమూనాలో మాత్రం ఆ చుక్క పడకూడదు.
పడిందా, దాక్కున్న రాగి అంతా బయటికొచ్చి
తలల లెక్కకు వరసగా నిలబడుతుంది;
ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారో
ఆ సంగతి ఇక ఎవరూ చెప్పరు.
చేరిన కొత్తలో అలా నలభై సీసాలు పాడుచేశాను.
లెక్క సరిగ్గానే వచ్చింది. అదే బాధ.

వెంట్రుకలో నూటయాభయ్యో వంతు కన్నాల జల్లెడ.
ఐసు పెట్టె. వ్యానులో గంట.
తర్వాత గాజు గొట్టం కొసన
ఆవగింజలో సగమంత పాదరసం బొట్టు వేలాడుతుంది.
మూడు నిమిషాలు ఊపిరి బిగబట్టినట్టుంటుంది గది.
ఎవరి ఒళ్లోనూ లేని లోహాలు
ఒక్కొక్కటే వచ్చి ఆ బొట్టులో ఎక్కుతాయి.
వోల్టేజి మెల్లగా జరుపుతుంటే
బస్సు దిగినట్టు ఎవరి స్టేజీలో వాళ్లు దిగిపోతారు:
జింకు, కాడ్మియం, సీసం,
అందరికన్నా చివర్న రాగి.
కాగితం మీద చిన్న గుట్ట.
గుట్ట ఎంత ఎత్తో, ఖాళీ చేతులన్ని.

సాయంత్రం పడవల రేవులో చెప్పాను:
ఆగస్టు ఎండల్లో తీసిన సీసాలో
నూటికి ముప్పై వంతులు విడిగా తిరుగుతోంది.
నిన్నటి వాననీటి సీసాలో రెండే.
మొత్తం మాత్రం రెంటిలోనూ పన్నెండే.

డెంజిల్ చాలాసేపు తాడు చుడుతూ ఉండిపోయాడు.
చుట్టిందే విప్పి మళ్లీ చుట్టాడు.

"మా నాన్న పైనున్న గనిలోనే" అన్నాడు.
"శనివారం జీతం చేతికొచ్చాక
ఒక్కడూ నడిచి ఇంటికొస్తాడు.
తలుపు చప్పుడుకి నేను బల్ల కిందికి.
ఆదివారం ప్రార్థనామందిరంలో
ఇద్దరు మనుషుల మధ్య, భుజాలు ఆనించి,
మంద్రంలో పాడేవాడు.
అదే మనిషి. తూకమేస్తే అదే బరువు."

ఒక సముద్రపు కాకి బుట్ట అంచున వాలి లేచింది.

"మా అమ్మ ఆ ఇద్దర్నీ టీకి పిలిచేది.
ప్రతి ఆదివారం. చక్కెర లేని వారాల్లో కూడా.
చీకటి పడేదాకా కప్పులు నింపుతూనే ఉండేది.
ఆమెకి జనమంటే మహా ఇష్టమనుకునేవాణ్ణి."

పై మాట అతనూ అనలేదు, నేనూ అనలేదు.
బుట్టలోంచి ఒక ఆల్చిప్ప తీసి, వెలుతురుకేసి తిప్పి,
అంచు పచ్చబడిందేమో చూసి
మళ్లీ నీళ్లలోకి విసిరాడు.

ఆఫీసు ఫారంలో రాగికి ఒకటే గడి.
పన్నెండు అని రాశాను.
పక్కన ఖాళీలో, పెన్సిల్‌తో,
ఎవరూ అడగని మాట:
ముందు రోజు వాన పడింది.